మీకు తెలుసా? ఉగ్గాని నుంచి క్షయ క్రిమి దాకా... లైసిన్ కబుర్లు

నంద్యాల, ఆళ్లగడ్డ పొలాల్లో ఏం పండుతుందంటే నల్లరేగడిలో జొన్న, కొర్ర, శనగ, పత్తి, కె.సి. కాలువ కింద వరి అని ఎవరైనా టక్కున చెప్తారు. ఈ తిండిగింజల్లో కొన్నింటిలో బాగా తక్కువైన పదార్థం ఒకటి శనగలో దండిగా ఉంది. దాని పేరు లైసిన్. మన ఒంట్లో అది తయారు కాదు. మొక్కలూ బ్యాక్టీరియా తయారుచేసుకుంటాయి. వాటి పనితనం కాస్త తెలిస్తే అన్నంలోకి పప్పు ఎందుకో అర్థమవుతుంది. కొత్త మందుల కోసం పరిశోధకులు దేనికి గురిపెట్టారో కూడా అర్థమవుతుంది.

తింటేనే దక్కేది

ప్రోటీన్లను కట్టే అమైనో ఆమ్లాలు 20 రకాలు. వాటిలో తొమ్మిదింటిని పెద్దవాళ్ల శరీరం సొంతంగా చేసుకోలేదు. తిండి ద్వారానే అందాలి. లైసిన్ ఆ తొమ్మిదిలో ఒకటి. చర్మానికీ ఎముకకూ పట్టునిచ్చే కొల్లాజెన్‌కు అది కావాలి. కొవ్వును కణం లోపల ఇంధనంగా వాడుకోవడానికి సాయపడే కార్నిటిన్ తయారీకీ అదే కావాలి. పెద్దవాళ్లకు శరీర బరువులో కిలోకు రోజుకు 30 మిల్లీగ్రాముల లైసిన్ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎఫ్ఏఓ, ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం కలిసి వెలువరించిన 2007 నాటి నివేదిక చెబుతోంది. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 1,800 మిల్లీగ్రాములు. దీన్ని మొదట వేరుచేసింది జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఎడ్మండ్ డ్రెక్సెల్. 1889లో పాలలోని కేసీన్ నుంచి తీశాడు.

జొన్నకెంత, శనగకెంత?

పెద్దవాళ్ల అవసరం తీరాలంటే తినే ప్రోటీన్‌లో గ్రాముకు 45 మిల్లీగ్రాముల లైసిన్ ఉండాలని అదే నివేదిక లెక్క. జొన్న ప్రోటీన్‌లో ఉండేది సుమారు 20 మిల్లీగ్రాములే. కొర్రదీ దాదాపు అదే పరిస్థితి. బియ్యం కాస్త నయం, 35 నుంచి 40 వరకూ ఉంటుంది. శనగ దగ్గరికి వచ్చేసరికి అది 65 దాటుతుంది. కందిదీ అదే వరస. పాల ప్రోటీన్ ఇంకా పైన, 75కు అటూఇటూ ఉంటుంది. అయితే పప్పులకూ ఒక వెలితి ఉంది. గంధకం ఉండే మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం వాటిలో తక్కువ. అది తృణధాన్యాల్లో మెరుగ్గా ఉంటుంది. అందుకే రొట్టె, పప్పు కలిపి తింటే ఒకదాని లోటు రెండోది పూడుస్తుంది. రెండూ ఒకే ముద్దలో ఉండాలన్న నియమమేమీ లేదు. ఒకే రోజు తిండిలో ఉంటే చాలు.

ఉగ్గాని బజ్జి జోడీ

నంద్యాల, ఆళ్లగడ్డ హోటళ్లలో పొద్దున్నే దొరికే ఉగ్గానిని ఈ లెక్కతో చూడండి. బొరుగులంటే బియ్యమే. వాటిని నీళ్లలో తడిపి, పిండి, ఎర్రగడ్డలూ పచ్చిమిరపకాయలూ వేసిన తాలింపులో కలుపుతారు. పైన పప్పుల పొడి చల్లుతారు. ఆ పప్పులు వేయించిన శనగలే. పక్కన పెట్టే మిరపకాయ బజ్జీకి పూత కూడా శనగపిండిదే. బియ్యంలో తగ్గిన లైసిన్‌ను రెండు వైపుల నుంచీ శనగే భర్తీ చేస్తోందన్నమాట. పండగనాడు చేసే ఓళిగల్లో శనగబేళ్ల పూర్ణం, జొన్నరొట్టెలోకి పప్పు, కొర్రన్నంలోకి పప్పుచారు... వీటన్నింటిలోనూ జరిగేది ఇదే సర్దుబాటు. లైసిన్ పేరు రసాయన శాస్త్రానికి తెలియకముందే వంటింట్లో ఈ జతలు కుదిరిపోయాయి.

నూటపదిహేనేళ్లు దాటిన పరిశోధన కేంద్రం

నంద్యాలలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం 1906లో మొదలైంది. ఇప్పుడది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ప్రాంతీయ కేంద్రంగా ఉంది. పత్తిలో నరసింహ రకం ఇక్కడిదే. జొన్నలో ఎన్‌టీజే రకాలు ఇక్కడివే. ఆ అక్షరాలకు నంద్యాల తెల్ల జొన్న అని అర్థం. కొర్రలో సూర్యనంది, రేనాడు రకాలు ఇక్కడే పుట్టాయి. సూర్యనంది నంద్యాల చుట్టూ ఉన్న నవనందుల్లో ఒకటి. రేనాడు ఈ సీమకున్న పాత పేరు. శనగలో ఎన్‌బీఈజీ-47 అనే రకానికి ఒక ప్రత్యేకత ఉంది. మామూలు శనగ మొక్క నేలబారుగా పరుచుకుంటుంది. ఇది నిటారుగా పెరిగి కాయల్ని ఎత్తున కాస్తుంది కాబట్టి యంత్రంతో కోయవచ్చు. లైసిన్ తక్కువైన గింజల మీదా, ఎక్కువైన గింజ మీదా ఒకే ప్రాంగణంలో పని జరుగుతోంది.

తొమ్మిది మెట్లు

మన పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా లైసిన్‌ను ఎలా చేసుకుంటుంది? ఆస్పార్టేట్ అనే మరో అమైనో ఆమ్లంతో పని మొదలుపెడుతుంది. అక్కడి నుంచి లైసిన్ దాకా తొమ్మిది మెట్లు, ఒక్కో మెట్టుకు ఒక్కో ఎంజైమ్. మూడో మెట్టు దగ్గర పైరువేట్ వచ్చి కలుస్తుంది. ఆ పని చేసే ఎంజైమ్ పేరు డాప్ఏ. ఎనిమిదో మెట్టుకు తయారయ్యేది డయామినోపిమెలిక్ ఆమ్లం. శాస్త్రవేత్తలు దాన్ని ముద్దుగా డ్యాప్ అంటారు. రైతులు బస్తాల్లో కొనే డీఏపీ ఎరువుకూ దీనికీ సంబంధం లేదు. తొమ్మిదో మెట్టు దగ్గర డయామినోపిమెలేట్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ ఆ డ్యాప్‌ను లైసిన్‌గా మార్చేస్తుంది. మొదలుపెట్టిన ఆస్పార్టేట్ నుంచే దారులు చీలి మెథియోనిన్, థ్రియోనిన్, ఐసోల్యూసిన్ కూడా తయారవుతాయి. మనం తయారుచేసుకోలేని నాలుగు అమైనో ఆమ్లాలకు మూలం ఆ ఒక్కటే.

ఆళ్లగడ్డ శిల్పి ఉలి లాంటి ఎంజైమ్

ఆళ్లగడ్డ శిల్పి రాతికి కొత్తగా ఏమీ అతికించడు. అక్కర్లేని పెచ్చు తీసేస్తాడు, విగ్రహం బయటపడుతుంది. లైసిన్ తయారీలో ఆఖరి ఎంజైమ్ చేసేదీ అంతే. డ్యాప్ అణువు బరువు సుమారు 190. దాని నుంచి 44 బరువున్న ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును ఊడదీస్తుంది. మిగిలిన 146 బరువు అణువే లైసిన్. ఎక్కడ కొట్టాలన్నదే ఇక్కడ నేర్పు. డ్యాప్‌కు రెండు చివరలూ చూడటానికి ఒకేలా ఉంటాయి. నిజానికి ఒకటి ఎల్ రూపం, రెండోది దాని అద్దపు ప్రతిబింబమైన డి రూపం. ఎంజైమ్ డి వైపు మాత్రమే తీస్తుంది, ఎల్ వైపు జోలికి పోదు. అందుకే దక్కేది ప్రోటీన్‌కు పనికొచ్చే ఎల్-లైసిన్. అమైనో ఆమ్లాల నుంచి కార్బన్ డయాక్సైడ్ తీసే ఎంజైములు చాలానే ఉన్నా, వాటిలో చాలావరకు ఎల్ రూపం మీద పనిచేసేవే. డి వైపు పనిచేయడం దీని విశేషం. ఈ పనికి దానికి తోడు కావలసింది విటమిన్ బి6 నుంచి వచ్చే ఒక చిన్న అణువు.

ఎలిజబెత్ వర్క్ పట్టుకున్న అణువు

డ్యాప్‌ను జీవుల్లో మొదట గుర్తించింది లండన్‌కు చెందిన జీవరసాయన శాస్త్రవేత్త ఎలిజబెత్ వర్క్. కంఠసర్పి, క్షయ తెచ్చే బ్యాక్టీరియాల నుంచి దాన్ని వేరుచేసిన తీరును 1951లో ప్రచురించారు. అప్పటిదాకా ఏ ప్రోటీన్‌లోనూ కనబడని అమైనో ఆమ్లం అది. దాంతో ఆ క్రిములకు ఏం పని అన్న ప్రశ్న వచ్చింది. ఏడాది తిరక్కుండానే, 1952లో, డ్యూయీ అనే సహచరుడితో కలిసి ఆమె అందులో సగం జవాబు చెప్పారు. బ్యాక్టీరియా డ్యాప్ నుంచే లైసిన్ చేసుకుంటోంది, అందుకోసం ప్రత్యేకంగా ఒక ఎంజైమ్ ఉంది అని. మిగతా సగం జవాబు ఆ క్రిమి గోడలో ఉంది.

గోడలోనూ అదే అణువు

బ్యాక్టీరియా కణానికి చుట్టూ గట్టి గోడ ఉంటుంది. లోపలి ఒత్తిడికి కణం పగిలిపోకుండా కాపాడేది అదే. చక్కెర గొలుసులూ వాటిని అడ్డంగా కట్టే చిన్న పెప్టైడ్లూ కలిసి ఆ గోడ అవుతాయి. ఈ.కోలై, టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా, క్షయ క్రిమి వంటి వాటిలో ఆ అడ్డకట్టు పడేది డ్యాప్ దగ్గరే. గడ్డలు లేపే స్టెఫైలోకాకస్ లాంటివి అదే చోట లైసిన్ పెట్టుకుంటాయి. అంటే ఒకే తయారీ దారి బ్యాక్టీరియాకు రెండు అవసరాలు తీరుస్తోంది: ప్రోటీన్‌కు లైసిన్, గోడకు డ్యాప్ లేదా లైసిన్. పెన్సిలిన్ దెబ్బ తీసేది కూడా ఈ గోడ కట్టడాన్నే. పెప్టైడ్లను ఒకదానికొకటి ముడివేసే ఎంజైమ్‌ను అది పనిచేయనివ్వదు.

హైదరాబాద్‌లో తేలిన సంగతి

గట్టి గోడ చుట్టూ ఉంటే కణం పెరిగేదెలా? ఈ ప్రశ్నకు ముఖ్యమైన జవాబు హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) నుంచి వచ్చింది. అక్కడి శాస్త్రవేత్త మంజులా రెడ్డి బృందం 2012లో ఈ.కోలైలో మూడు ఎంజైములను బయటపెట్టింది. వాటి పేర్లు మెప్ఎస్, మెప్ఎం, మెప్‌హెచ్. డ్యాప్ దగ్గర పడిన పాత ముడులను ఇవి కోస్తాయి. కోసిన చోట ఖాళీ ఏర్పడితేనే కొత్త సరుకు లోపల ఇమిడి గోడ సాగుతుంది. మూడూ లేకపోతే బ్యాక్టీరియా బతకదు. గోడను కోయడం కూడా గోడ కట్టడంలో భాగమేనని అలా తేలింది. ఒక డ్యాప్‌కు ఇంకో డ్యాప్ నేరుగా ముడిపడే చోట్లు కూడా కొన్ని ఉంటాయి. వాటిని కోసే మెప్‌కె అనే నాలుగో ఎంజైమ్‌ను ఇదే బృందం 2019లో ప్రకటించింది. బ్యాక్టీరియా గోడ మీద చేసిన కృషికి అదే ఏడాది మంజులా రెడ్డి జీవశాస్త్రాల్లో ఇన్ఫోసిస్ బహుమతి అందుకున్నారు.

మనకు లేనిదాన్ని పసిగట్టే కాపలా

మనిషి కణాల్లో డ్యాప్ ఎక్కడా తయారు కాదు. కానీ డ్యాప్ కనబడితే గుర్తుపట్టే కాపలా మాత్రం మన కణాల్లో ఉంది. దాని పేరు నాడ్1. బ్యాక్టీరియా గోడ ముక్కలు కణంలోకి చొరబడితే, వాటిలోని డ్యాప్‌ను ఆనవాలు పట్టి రోగనిరోధక వ్యవస్థను అప్రమత్తం చేస్తుంది. ఈ విషయం 2003లో రెండు వేర్వేరు బృందాల పరిశోధనల్లో తేలింది. సొంత ఒంట్లో ఉన్న పదార్థాన్ని చూసి కేకపెడితే ఒంటికే నష్టం. మనలో లేనిదీ క్రిమిలో ఉండేదీ అయిన అణువే గుర్తుగా దొరకడం వల్ల ఆ ప్రమాదం తప్పింది.

శనగ వేరుకు బుడిపెలెందుకు?

శనగ మొక్కను మెల్లగా పెకిలిస్తే వేర్లకు చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గిల్లి చూస్తే లోపల గులాబీ రంగు. ఆ రంగు మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు చుట్టమైన లెగ్‌హీమోగ్లోబిన్‌ది. బుడిపె లోపల మీసోరైజోబియం సిసెరి లాంటి బ్యాక్టీరియా కాపురముంటుంది. గాలిలోని నత్రజనిని అమోనియాగా మార్చి మొక్కకు ఇస్తుంది. బదులుగా మొక్క దానికి ఆహారం పెడుతుంది. లైసిన్ అణువులో రెండు నత్రజని పరమాణువులు ఉంటాయి. చాలా అమైనో ఆమ్లాల్లో ఉండేది ఒక్కటే. బయట నుంచి పెద్దగా నత్రజని ఎరువు వేయకుండానే శనగ గింజ అంత ప్రోటీన్ కూడబెట్టడానికి ఈ బుడిపెలే ఆధారం. కుందూ నది పరివాహకంలోని నల్లరేగడి వానాకాలపు తేమను లోపల పట్టి ఉంచుతుంది. ఆ తేమతోనే అక్టోబరు, నవంబరుల్లో విత్తిన శనగ పండిపోతుంది.

మొక్కకు అడ్డదారి

మొక్కలు కూడా డ్యాప్ మీదుగానే లైసిన్ చేసుకుంటాయి. ఆ పని ఆకుపచ్చ రేణువులు వగైరా ప్లాస్టిడ్లలో జరుగుతుంది. ప్లాస్టిడ్లు ఒకనాడు వేరే కణంలో స్థిరపడిపోయిన సయనోబ్యాక్టీరియా వారసులు. ఈ.కోలై కొన్ని మెట్లు ఎక్కి చేసే పనిని మొక్క ఒకే ఎంజైమ్‌తో ముగిస్తుంది. ఈ అడ్డదారి 2006లో బయటపడింది. కళ్లకు ట్రకోమా తెచ్చే క్లామిడియా బ్యాక్టీరియా కూడా ఈ దారినే వాడుతుందని అదే ఏడాది తెలిసింది. ఈ.కోలై దారిలోని డాప్ఈ అనే ఎంజైమ్ మొక్కకు అవసరమే లేదు. ఇక బూజులూ ఈస్టులూ డ్యాప్ ఊసే లేకుండా పూర్తిగా వేరే మార్గంలో లైసిన్ చేసుకుంటాయి.

జొన్న ఎందుకు పిసినారి?

మొక్కకు లైసిన్ చేయడం వచ్చు. మరి జొన్న గింజలో అంత తక్కువెందుకు? కారణాలు రెండు. ఒకటి, గింజలో దాచే ప్రోటీన్‌లో పెద్ద భాగం కఫిరిన్లు. వాటిలో లైసిన్ దాదాపుగా ఉండదు. రెండు, కణంలో లైసిన్ కాస్త పెరగగానే అదే వెళ్లి తయారీ దారిలోని డాప్ఏ ఎంజైమ్‌ను ఆపేస్తుంది. ఈ ఆంక్ష బ్యాక్టీరియాలో కన్నా మొక్కల్లో చాలా గట్టిది. 1973లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో రామేశ్వర్ సింగ్, జాన్ ఆక్స్‌టెల్ ప్రపంచ జొన్న రకాలను వేలల్లో జల్లెడ పట్టి, లైసిన్ ఎక్కువున్న రెండు ఇథియోపియా రకాలను పట్టుకున్నారు. అయితే వాటి గింజ ముడతలు పడి ఉండేది. దిగుబడీ తక్కువే. మొక్కజొన్నలో ఇలాంటి ఇబ్బందినే ఏళ్ల తరబడి శ్రమించి దాటినవారు భారతీయ శాస్త్రవేత్త సురీందర్ వాసల్, మెక్సికోకు చెందిన ఎవాంజెలీనా విల్లెగాస్. మేలైన ప్రోటీన్ ఉన్న ఆ మొక్కజొన్నకు వారికి 2000లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది.

బ్యాక్టీరియా జన్యువుతో మొక్కజొన్న

అమెరికాలో ఇంకో దారి తొక్కారు. లైసిన్ ఎంత పోగైనా ఆగకుండా పనిచేసే డాప్ఏ ఎంజైమ్ కొరినేబ్యాక్టీరియం గ్లుటామికం అనే నేల బ్యాక్టీరియాలో ఉంది. ఆ జన్యువును మొక్కజొన్నలోకి ఎక్కించి ఎల్‌వై038 అనే రకాన్ని తయారుచేశారు. 2006లో అక్కడి వ్యవసాయ శాఖ దానిపై నియంత్రణ తొలగించింది. పశువుల మేతకు ఉద్దేశించిన ఆ రకం ఐరోపాలో మాత్రం గడప దాటలేదు. దాన్ని తయారుచేసిన కంపెనీయే 2009లో అక్కడి దరఖాస్తు వెనక్కు తీసుకుంది. లైసిన్‌ను గింజలో పెంచడం కంటే బ్యాక్టీరియాతో తొట్టెల్లో చేయించి మేతలో కలపడమే సులువైన దారిగా నిలిచింది.

కోళ్ల మేతలో జపాన్ బ్యాక్టీరియా

అదే కొరినేబ్యాక్టీరియం గ్లుటామికం ఈ పరిశ్రమకు కూడా మూలం. జపాన్‌లోని క్యోవా హక్కో సంస్థలో షుకువో కినోషిటా బృందం 1956 ప్రాంతంలో నేల నుంచి దాన్ని పట్టింది. మొదట కావలసింది వంటలో రుచికి వాడే గ్లుటమేట్. రెండేళ్లు తిరిగేసరికి లైసిన్ చేసే రకాన్ని కూడా సాధించారు. కిటుకు ఇది. ఈ బ్యాక్టీరియాలో లైసిన్, థ్రియోనిన్ రెండూ కలిసి పోగైతేనే మొదటి మెట్టు ఎంజైమ్ ఆగుతుంది. థ్రియోనిన్ చేసుకోలేని రకాన్ని తయారుచేసి, దానికి బతకడానికి సరిపడా మాత్రమే థ్రియోనిన్ అందించారు. ఆపేవాళ్లు లేక అది లైసిన్‌ను కుమ్మరించింది. ఇప్పుడు ప్రపంచంలో ఏటా 20 లక్షల టన్నులకు పైగా లైసిన్ ఇలా బ్యాక్టీరియా చేతనే తయారవుతోంది. అందులో చాలా భాగం కోళ్ల, పందుల మేతలోకి పోతుంది. మొక్కజొన్న ఎక్కువగా ఉండే మేతకు కొరవడేది అదే మరి.

ఎద్దుకు ఆ బెంగ లేదు

కోడికి లైసిన్ కలిపి పెట్టాలి. బండలాగుడు పోటీలకు తోలుకొచ్చే ఒంగోలు గిత్తకు మాత్రం జొన్నచొప్పే ప్రధానమైన మేత. లైసిన్ ఎక్కడిది? దాని కడుపులోనే తయారవుతుంది. నెమరువేసే పశువుల కడుపులోని పెద్ద అర రూమెన్. అందులో కోటానుకోట్ల బ్యాక్టీరియా నార పదార్థాన్ని విరగ్గొట్టి, దొరికిన నత్రజనితో తమకు కావలసిన అమైనో ఆమ్లాలన్నీ చేసుకుంటుంది. తర్వాత అదే బ్యాక్టీరియా నాలుగో అరలోకీ పేగుల్లోకీ జారి, అక్కడ జీర్ణమై పశువుకు ప్రోటీన్ అవుతుంది. ఇలా అందే ప్రోటీన్ ఎంతో కొలవడానికి పశుపోషణ శాస్త్రవేత్తలు చాలాకాలం వాడిన గుర్తు డ్యాప్. చొప్పలోని ప్రోటీన్‌లో డ్యాప్ ఉండదు, బ్యాక్టీరియా గోడలో ఉంటుంది కాబట్టి అది ఎంత కనబడితే బ్యాక్టీరియా అంత వచ్చిందని లెక్క. పాలలో అంత లైసిన్ ఉండటానికి వెనక ఉన్నది కూడా ఈ బ్యాక్టీరియా కష్టమే.

ఎర్రబడితే తగ్గుతుంది

లైసిన్‌కు చివర ఒక అమైనో గుంపు ఖాళీగా వేలాడుతూ ఉంటుంది. వేడి తగిలితే అది చక్కెరతో కలిసిపోతుంది. రొట్టె మీద గోధుమరంగు మచ్చలకూ, కోవా రంగు మారడానికీ, ఆ కమ్మని వాసనకూ ఈ చర్యే కారణం. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మయ్యార్ 1912లో దీన్ని వివరించాడు కాబట్టి ఆయన పేరే స్థిరపడింది. అలా చక్కెరతో ముడిపడిన లైసిన్ మన ఒంటికి అందదు. మాడిన రొట్టె కన్నా మామూలుగా కాలిన రొట్టె ఈ లెక్కలో మేలు. నీళ్లలో ఉడికిన పప్పులో ఈ నష్టం తక్కువ.

దొమ్మ క్రిమికి కవచం

గొర్రెలకూ పశువులకూ దొమ్మ రోగం తెచ్చే బ్యాక్టీరియా కాలం బాగాలేనప్పుడు సిద్ధబీజంగా మారి నేలలో దశాబ్దాల పాటు ఉండిపోగలదు. ఆ సిద్ధబీజం పొడి బరువులో నూటికి 5 నుంచి 15 పాళ్లు డైపికోలినిక్ ఆమ్లం. కాల్షియంతో కలిసి లోపలి నీటిని తగ్గించి, వేడిని తట్టుకునేలా చేస్తుంది. ఆ ఆమ్లం వచ్చేది కూడా లైసిన్ తయారీ దారి మధ్యలోంచే. డాప్ఏ మెట్టు తర్వాత ఒక పాయ ఇటు చీలుతుంది. దొమ్మతో చచ్చిన పశువును కోయవద్దని పశువైద్యులు గట్టిగా చెప్పేది ఇందుకే. రక్తానికి గాలి తగిలితే క్రిమి సిద్ధబీజాలుగా మారుతుంది. ఆ మేతబీడు ఏళ్లకేళ్లు ప్రమాదకరం అవుతుంది.

డైనోసార్లకు లైసిన్ సంకెళ్లు

మైకేల్ క్రైటన్ 1990లో రాసిన జురాసిక్ పార్క్ నవలలోనూ, 1993 నాటి సినిమాలోనూ ఒక కిటుకు వస్తుంది. డైనోసార్లు దీవి దాటి పారిపోకుండా, లైసిన్ చేసుకోలేని విధంగా వాటి జన్యువులు మార్చామంటారు. పార్కు వాళ్లు లైసిన్ పెట్టకపోతే చస్తాయట. ఇందులో తిరకాసు ఉంది. ఏ జంతువూ లైసిన్ చేసుకోలేదు. కోడి, కుక్క, మనిషి... అందరమూ ఆ డైనోసార్ల లాంటి వాళ్లమే. తిండిలో దొరికినన్నాళ్లు ఎవరికీ లోటు రాదు. నవలలో తప్పించుకున్నవి కూడా చిక్కుడు జాతి గింజలూ కోళ్లూ తిని నిక్షేపంగా బతుకుతాయి.

మందు గురి ఎక్కడ?

క్రిమికి లైసిన్ తయారీ ఆపేస్తే చచ్చిపోతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ దారిలోని ఎంజైములు మనిషిలో లేవు కాబట్టి మనకు హాని కూడా తక్కువ ఉండాలి. కానీ ఆఖరి ఎంజైమ్ ఒక్కదాన్నే ఆపితే, చాలా క్రిములు ఆ డైనోసార్లు చేసిన పనే చేయగలవు. మన రక్తంలో, కణజాలంలో లైసిన్ ఉంటుంది కాబట్టి తెచ్చుకుని వాడుకుంటాయి. ఇక్కడ క్షయ క్రిమి కాస్త వేరు. ఆఖరి ఎంజైమ్ జన్యువు తీసేసిన రకం ఎలుకల్లో బలహీనపడిపోయింది. ఒంట్లో అది చాలినంత లైసిన్ అందుకోలేకపోతోందన్నమాట. ఆ క్రిమి ఎంజైమ్ నిర్మాణాన్ని 2003లో విడమరిచి చూశారు. గోడకు డ్యాప్ వాడే మిగతా క్రిముల విషయంలో అంతకంటే నమ్మదగ్గ చోటు అంతకుముందు మెట్లలో ఉంది. డ్యాప్ తయారీనే ఆపితే గోడ కట్టడం కూడా ఆగుతుంది. లైసిన్ మన ఒంట్లో దొరుకుతుంది కానీ, గోడకు కావలసిన డ్యాప్‌ను క్రిమి మన కణాల నుంచి తెచ్చుకోలేదు. కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబాక్టర్ పైలోరీలో డాప్ఈ జన్యువు తీసేస్తే అది లైసిన్ అందించినా బతకలేదు. ఈ దారిని ఆపే మందు ఏదీ ఇంకా మందుల షాపుకు చేరలేదు. రేపు చేరితే, అది గురిపెట్టేది లైసిన్‌కు కాక దానికి ఒక్క మెట్టు ముందున్న డ్యాప్‌కే కావచ్చు.